మూడు నిమిషాలు దాటాక దొరికిన బంతి: ఏడో హోల్ సందేహం

ఏడో హోల్ మార్కర్ (ఆదివారం, రాత్రి 8:40)

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఉదయం మన గోల్ఫ్ క్లబ్బు నెలవారీ మెడల్‌లో, అంటే మొత్తం స్ట్రోకులు (దెబ్బలు) లెక్కపెట్టే పోటీలో, జరిగిన ఒక సంగతి నన్ను రోజంతా తొలిచేస్తోంది. అందుకే పేర్లు లేకుండా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏడో హోల్‌లో నా తోటి ఆటగాడు, అంటే ఎవరి స్కోరు కార్డు రాసే మార్కర్‌గా నేను ఉన్నానో ఆయన, టీ (హోల్ మొదలుపెట్టే చోటు) మీద నుంచి కొట్టిన డ్రైవ్ (మొదటి దూరపు దెబ్బ) ఎడమవైపు బాగా వంగి ప్రహరీ గోడ వారగా ఉన్న తుమ్మ పొదల్లోకి వెళ్ళింది. ముందు నిలబడి ఉన్న క్యాడీ (సంచి మోసే సహాయకుడు) బంతి కనిపించిందన్నట్టు చెయ్యి ఊపాడు. దాంతో ఆయన మరో బంతి కొట్టకుండానే బయలుదేరారు. తీరా అక్కడికి వెళితే బంతి లేదు. మేము నలుగురం, మా క్యాడీలు నలుగురూ గడ్డిని కాళ్ళతో పాయలు తీస్తూ వెతికాం. వెతకడం మొదలుపెట్టినప్పుడు యథాలాపంగా గడియారం చూశాను, 7:52 అయింది. బంతి దొరికినప్పుడు మళ్ళీ చూస్తే 7:57. దొరికింది ఆయన బంతే, దాని మీద ఆయన పెట్టుకునే రెండు ఎర్ర చుక్కలు ఉన్నాయి. ఆయన అక్కడి నుంచి ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి) మీదికి కొట్టి, ఆ పార్ 4ను (నాలుగు స్ట్రోకుల హోల్‌ను) 5 స్ట్రోకులలో ముగించారు. నేను కార్డులో 5 వేశాను, ఆట అయ్యాక సంతకమూ పెట్టాను.

ఇంటికి వచ్చాక మనసు ఒప్పుకోవడం లేదు. ఆ 5 సరైనదేనా? కాకపోతే ఇప్పుడు నేనేం చేయాలి? ఫలితాలు ఇంకా బోర్డు మీద పెట్టలేదు.

శనివారం ఫోర్‌బాల్ (ఆదివారం, రాత్రి 9:05)

దీనికి ఇంత మథనపడాల్సిన పని లేదండీ. బంతి వెతకడానికి ఐదు నిమిషాల గడువు ఉంటుందని నేను ఆట నేర్చుకున్నప్పటి నుంచీ వింటున్నాను. ఐదు నిమిషాల లోపే దొరికింది, అది ఆయన బంతే, ఆయనే కొట్టారు. ఇందులో తప్పేముందో నాకు అర్థం కావడం లేదు.

రూల్ పుస్తకం (ఆదివారం, రాత్రి 9:50)

శనివారం ఫోర్‌బాల్ గారూ, మీరు విన్నది ఒకప్పుడు నిజమే. కానీ గోల్ఫ్ రూల్స్ రాసే ఆర్ అండ్ ఏ, యుఎస్‌జిఏ సంస్థలు కలిసి 2019లో రూల్స్‌ను తిరగరాసినప్పుడు ఆ ఐదు నిమిషాలను మూడుకు తగ్గించాయి. గడియారం మొదలయ్యేది ఆటగాడు గాని, ఆయన క్యాడీ గాని వెతకడం మొదలుపెట్టిన క్షణం నుంచి. ఆటగాడు ఇంకా దారిలోనే ఉన్నా, ఆయన క్యాడీ ముందే చేరుకుని వెతుకుతూ ఉంటే ఆ సమయమూ లెక్కలోకే వస్తుంది. మూడు నిమిషాల లోపు ఒక బంతి కనబడి, అది తనదో కాదో తేల్చుకోవడానికి మరికొంత సమయం పడితే దానికి మాత్రం రూల్ అభ్యంతరం చెప్పదు.

ఇక్కడ జరిగింది అది కాదు. ఐదో నిమిషంలో దొరికిన బంతి, మీద ఎర్ర చుక్కలున్నా, రూల్ 18.2 ప్రకారం పోయిన బంతే. పోయిన బంతి ఆటలో ఉండదు. ఆటలో లేని తన సొంత బంతిని కొట్టినా రూల్స్ దాన్ని 'తప్పు బంతి'గానే లెక్కిస్తాయి. చాలామంది తప్పు బంతి అంటే పక్కవాడి బంతి అనే అనుకుంటారు. నిర్వచనంలో హద్దు దాటిన తన బంతి, పోయిన తన బంతి కూడా ఉన్నాయి.

స్ట్రోక్ ప్లేలో, అంటే మెడల్‌లా స్ట్రోకులన్నీ లెక్కపెట్టే ఆటలో, దీనికి రూల్ 6.3సి ప్రకారం రెండు పెనాల్టీ స్ట్రోకులు పడతాయి, తప్పు బంతితో కొట్టిన స్ట్రోకులు లెక్కలోకి రావు, ఆటగాడు వెనక్కి వెళ్ళి ఆ తప్పును సరిదిద్దుకోవాలి. ఇక్కడ సరిదిద్దుకోవడమంటే టీ దగ్గరికి తిరిగి వెళ్ళి స్ట్రోక్ అండ్ డిస్టెన్స్ పెనాల్టీతో (ఒక స్ట్రోక్ కలుపుకుని, ముందు కొట్టిన చోటి నుంచే) మళ్ళీ కొట్టడమే. ఎనిమిదో టీ మీద మొదటి స్ట్రోక్ కొట్టేలోగా ఆ పని చేయకపోతే అనర్హతే. కాబట్టి ఆ కార్డులో ఏడో హోల్ ఎదురుగా 5 కాదు, మరే అంకె వేసినా సరిపోదు. చెప్పడానికి కష్టంగానే ఉంది, కానీ రూల్‌లో సందిగ్ధం ఏమీ లేదు.

శనివారం ఫోర్‌బాల్ (ఆదివారం, రాత్రి 10:02)

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఇన్నేళ్ళుగా మా గుంపు ఎన్ని కార్డులు తప్పుగా వేసిందో తలుచుకుంటే సిగ్గుగా ఉంది. సమయం తెలియక జరిగిన పొరపాటుకు ఇంత పెద్ద శిక్షా అనేది మాత్రం ఇప్పటికీ నా ప్రశ్న.

లేడీస్ సెక్షన్ నుంచి (సోమవారం, ఉదయం 6:30)

ఈ కథలో వెనుక టీ మీద నిలబడి ఉన్న గుంపు ఒకటుంది, దాని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఆ గుంపు మాదే. మేము ఇద్దరమే ఆడుతున్నాం. నలుగురు మగవాళ్ళు, నలుగురు క్యాడీలు తుమ్మ పొదల చుట్టూ తిరగడం మాకు టీ మీద నుంచి స్పష్టంగా కనిపించింది. మా ముందు ఫెయిర్‌వే అంతా ఖాళీ. మీలో ఒక్కరు ఫెయిర్‌వే మీదికి వచ్చి, దాటిపొమ్మని చెయ్యి ఊపితే మేమిద్దరం రెండు షాట్లు కొట్టి మిమ్మల్ని దాటి వెళ్ళిపోయేవాళ్ళం. మీరూ ప్రశాంతంగా వెతుక్కునేవారు.

మూడు నిమిషాల రూల్‌ను శిక్షగా చూడవద్దని నా మనవి. అది వెనుక నిలబడ్డవాళ్ళ కోసం రాసిన రూల్. ఒక హోల్‌లో ఐదు నిమిషాలు పోతే ఆ ఆలస్యం అక్కడే ఆగదు, వెనుక వస్తున్న ఆరో గుంపుకు కూడా తగులుతుంది. వేగంగా ఆడే గుంపును దాటనివ్వమని రూల్ 5.6 స్వయంగా చెబుతుంది. తన వంతు వచ్చి, ఆటంకం ఏమీ లేనప్పుడు నలభై సెకన్లలోపు కొట్టడం మంచిదని కూడా అదే రూల్ చెబుతుంది. మన ఆదివారం గుంపుల్లో నలభై సెకన్లు ప్రాక్టీస్ స్వింగులకే చాలవు.

మరొక మాట. ఆడవాళ్ళు నెమ్మదిగా ఆడతారన్న అపోహతో మమ్మల్ని దాటనివ్వడానికి వెనుకాడే గుంపులు ఇప్పటికీ ఉన్నాయి. నిన్న మేము 18 హోల్స్ పూర్తి చేయడానికి పట్టిన సమయంలో సగానికి సగం నిలబడటానికే పోయింది.

కొత్త సభ్యుడు (సోమవారం, ఉదయం 7:15)

నేను చేరి ఇంకా నాలుగు నెలలే అయింది కాబట్టి నా ప్రశ్న చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే క్షమించండి. బంతి దొరుకుతుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు నేను "ఇంకోటి కొడతాను" అని చెప్పి మరో బంతి కొడుతుంటాను. మొదటి బంతి దొరికితే దానితోనే ఆడతాను. అది సరిపోతుంది కదా?

రూల్ పుస్తకం (సోమవారం, ఉదయం 8:10)

సరిపోదు. ఈ ప్రశ్న మీరొక్కరే కాదు, ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నవాళ్ళు కూడా అడగవలసింది.

రూల్ 18.3 ప్రకారం బంతి పోయి ఉండవచ్చు లేదా హద్దు దాటి ఉండవచ్చు అనిపించినప్పుడు సమయం ఆదా కోసం ప్రొవిజనల్ బంతి, అంటే మొదటిది దొరక్కపోతే వాడుకునే తాత్కాలిక బంతి, కొట్టవచ్చు. కానీ కొట్టే ముందు "ప్రొవిజనల్" అన్న మాట చెప్పాలి, లేదా తాను కొడుతున్నది ప్రొవిజనల్‌గానే అని స్పష్టంగా తెలిసేలా మరోలా చెప్పాలి. "ఇంకోటి కొడతాను", "రీలోడ్ చేస్తాను" వంటి మాటలు చాలవు. అలా అని కొడితే ఆ రెండో బంతే ఒక పెనాల్టీ స్ట్రోక్‌తో ఆటలో ఉన్న బంతి అవుతుంది. మొదటి బంతి ఫెయిర్‌వే మధ్యలో మెరుస్తూ కనబడినా ఇక మీది కాదు, దాన్ని కొడితే మళ్ళీ తప్పు బంతే.

ప్రొవిజనల్ కొట్టాక మొదటి బంతి పడి ఉండవచ్చని మీరు అనుకునే చోటికి చేరేవరకు ప్రొవిజనల్‌తో ఎన్నిసార్లయినా ఆడవచ్చు. ఆ చోటు కంటే హోల్‌కు దగ్గరగా ఉన్న స్థలం నుంచి ప్రొవిజనల్‌ను ఒక్కసారి కొట్టినా, అదే ఆటలో ఉన్న బంతి అవుతుంది. బంతి వెళ్ళింది పెనాల్టీ ఏరియాలోకేనని, అంటే ఎర్ర గూటాల వెనుక ఉన్న చెరువులోకేనని తెలిసినప్పుడు మాత్రం ప్రొవిజనల్ కొట్టే వీలు లేదు. అక్కడ వేరే రూల్ ఉంది.

నిన్నటి సంగతికే వస్తే, ఆయన టీ మీద ఆ ఒక్క మాట అని మరో బంతి కొట్టి ఉంటే మూడు నిమిషాలు కాగానే భుజం ఎగరేసి దానితో ఆడుకునేవారు. ఈ చర్చే ఉండేది కాదు.

పాత తరం (సోమవారం, మధ్యాహ్నం 12:40)

చర్చ క్యాడీ దగ్గర మొదలైంది కాబట్టి ఆయన తరఫున రెండు మాటలు చెప్పాలి. కలకత్తాలో, ఉత్తరాది కోర్సుల్లో ముందుకెళ్ళి బంతి పడిన చోటు చూసే మనిషిని ఆగేవాలా అని పిలిచేవారు. మన దగ్గర ఆ పనీ సంచి మోసే క్యాడీదే. ఆయన చెయ్యి ఊపాడంటే బంతి దొరికిందని కాదు, అటువైపు వెళ్ళిందని. సారు ముఖం చిన్నబోకూడదనే తాపత్రయంలో ఆ రెండింటి మధ్య తేడాను ఆయన చెరిపేస్తాడు. బంతి పోయిందని చెప్పినందుకు తిట్లు తిన్న క్యాడీ మరుసటి వారం నుంచి ఏ బంతినీ పోనివ్వడు. దాని అర్థం ఏమిటో నేను విడమరచి రాయనవసరం లేదనుకుంటాను.

రూల్స్ కూడా ఈ విషయంలో కచ్చితంగా ఉన్నాయి. క్యాడీ చేసిన పనికి ఆటగాడే బాధ్యుడు. క్యాడీ కాలి బొటనవేలితో బంతిని మంచి గడ్డి మీదికి నెట్టినా, పెనాల్టీ సారుకే. అలా నెట్టించుకుని ఏమీ ఎరగనట్టు ఆడే సార్లకు మాత్రం ఏ రూల్ పెట్టాలో నాకు తోచడం లేదు.

1925 యుఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డిలో) బంతి కదిలిందని తనకు తానే ఒక పెనాల్టీ స్ట్రోక్ వేసుకున్నాడు. బంతి కదలడం ఇంకెవరూ చూడలేదు. ఆ ఒక్క స్ట్రోకే లేకపోతే ఆయన గెలిచేవాడు. దానితో స్కోర్లు సమానమై, ప్లేఆఫ్‌లో విల్లీ మెక్‌ఫార్లేన్ చేతిలో ఓడిపోయాడు. మన ఆట పుస్తకం ఇలాంటివాళ్ళను నమ్మి రాసింది. అందుకే మన మెడల్‌లో ప్రతి గుంపు వెనుకా రెఫరీ ఉండడు.

డాలస్ నుంచి పాత సభ్యుడు (మంగళవారం, ఉదయం 5:20)

క్లబ్బుకు దూరమై చాలా ఏళ్ళయినా ఇక్కడి చర్చలు చదువుతూనే ఉంటాను. నేను వారాంతాల్లో ఆడే పబ్లిక్ కోర్సుల్లో టీ దగ్గరికి నడిచి వెనక్కి వెళ్ళడం దాదాపు ఎవరూ చేయరు. వెనుక గుంపు అప్పటికే టీ మీద ఉంటుంది. దీనికోసమే 2019 నుంచి ఈ-5 అనే నమూనా లోకల్ రూల్ ఒకటి అందుబాటులోకి వచ్చింది. కమిటీ దాన్ని అమలు చేస్తే, బంతి పోయినా హద్దు దాటినా వెనక్కి నడవకుండా రెండు పెనాల్టీ స్ట్రోకులు వేసుకుని ముందువైపే బంతిని డ్రాప్ చేయవచ్చు (చేతి నుంచి జారవిడవచ్చు). బంతి పోయిందనుకునే చోటును ఒక గుర్తుగా, హోల్‌కు అంతకంటే దగ్గర కాని సమీప ఫెయిర్‌వే అంచును మరో గుర్తుగా తీసుకోవాలి. ఈ రెండింటి మధ్య గాని, ఆ అంచు నుంచి ఫెయిర్‌వే లోపలికి రెండు క్లబ్ (ఆడే కర్ర) పొడవుల వరకు గాని డ్రాప్ చేయవచ్చు. టీ షాట్ పోయిన ఆటగాడు అక్కడి నుంచి కొట్టేది నాలుగో స్ట్రోక్ అవుతుంది. ఇది టీ నుంచి మళ్ళీ కొట్టి, ఆ బంతి ఫెయిర్‌వే మీద పడి ఉంటే ఉండే లెక్కే. ప్రొవిజనల్ కొట్టినవారికి మాత్రం మొదటి బంతి విషయంలో ఈ వెసులుబాటు ఉండదు.

మన క్లబ్బులో ఇది అమల్లో ఉందా?

కమిటీ తరఫున (మంగళవారం, ఉదయం 10:30)

మెడల్‌లోను, ఇతర ముఖ్య పోటీల్లోను ఈ-5 అమల్లో లేదు. ఉంచే ఉద్దేశమూ లేదు, ఎందుకంటే రూల్స్ రాసినవారే దాన్ని ప్రధానంగా సాధారణ క్లబ్ ఆటల కోసమని చెప్పారు. ఆదివారం స్టేబుల్‌ఫోర్డ్ (హోల్‌వారీ పాయింట్ల) ఆటలకు, అతిథులతో ఆడే రోజులకు దాన్ని పెట్టాలన్న సూచన మాత్రం కమిటీ ముందుకు తీసుకువెళతాను. నిజానికి స్టేబుల్‌ఫోర్డ్‌లో నెమ్మదిగా ఆడటానికి అసలు కారణమే ఉండకూడదు. నెట్ పార్‌కు (ఆటగాడికి ఇచ్చే స్ట్రోకుల మినహాయింపు పోను పార్ అయితే) రెండు పాయింట్లు, నెట్ బోగీకి (దానికంటే ఒకటి ఎక్కువైతే) ఒకటి వస్తాయి. ఇక పాయింట్ రాదని తేలిన క్షణంలో బంతి జేబులో వేసుకుని నడవవచ్చు. తొమ్మిదో స్ట్రోక్‌తో పుట్ చేయడానికి (బంతిని గుంటలోకి దొర్లించడానికి) నలుగురిని గ్రీన్ (గుంట ఉన్న చదును గడ్డి) చుట్టూ నిలబెట్టడం అక్కడ అవసరం లేదు.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక కూడా చేయాలి. మెడల్‌లో చిన్న పుట్లను "ఇచ్చేశాం" అని తీసేసే అలవాటు పెరుగుతోంది. పుట్ వదిలేసే వీలు మ్యాచ్ ప్లేలో (హోల్‌వారీగా గెలుపోటములు చూసే ఆటలో) ఉంటుంది. మెడల్‌లో ప్రతి హోల్‌లోను బంతి 108 మిల్లీమీటర్ల ఆ గుంటలో పడవలసిందే, పడకుండా తర్వాతి టీ మీద కొడితే దానికీ శిక్ష అనర్హతే.

కొత్త సభ్యుడు (మంగళవారం, ఉదయం 11:05)

మరో సందేహం. మన కోర్సులో కుక్కలు, నెమళ్ళు ఉన్నాయి. ఏడో హోల్‌లో బంతిని కుక్క ఎత్తుకుపోయి ఉంటే మూడు నిమిషాల రూల్ వర్తిస్తుందా? అలాగే బండరాయికి ఆనుకుని బంతి ఆగితే ఏం చేయాలి?

రూల్ పుస్తకం (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

కుక్క ఎత్తుకుపోయిందని తెలిసినా, లేదా అది దాదాపు నిశ్చయమైనా పెనాల్టీ లేకుండా బంతి ఆగి ఉన్న అసలు చోటును అంచనా వేసి అక్కడ మరో బంతి పెట్టవచ్చు. "ఎత్తుకుపోయి ఉంటుంది" అన్న ఊహ చాలదు. కుక్కను చూసినవారు ఉండాలి, లేదా ఇంకేదీ జరిగే అవకాశం లేదనిపించేంత బలమైన ఆధారం ఉండాలి. లేకపోతే ప్రతి పోయిన బంతికీ ఒక కుక్క పుట్టుకొస్తుంది.

బండరాయి విషయం మన దక్కను కోర్సులకు అచ్చంగా సరిపోయే ప్రశ్న. నేలలో పాతుకుపోయిన రాయి కోర్సులో భాగం, దానికి ఉచిత ఉపశమనం లేదు. ఆడలేనంటే రూల్ 19 ప్రకారం ఒక పెనాల్టీ స్ట్రోక్‌తో పక్కకు రెండు క్లబ్ పొడవుల లోపు డ్రాప్ చేయాలి, లేదా అదే రూల్ ఇచ్చే మిగతా దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. నేలకు అంటుకోని రాయి ఎంత పెద్దదైనా తీసేయవచ్చు. 1999 ఫీనిక్స్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ బంతికి ఎదురుగా ఉన్న పెద్ద బండను ప్రేక్షకులు కలిసి పక్కకు దొర్లించారు, రూల్ దానికి అడ్డు చెప్పలేదు. మన కోర్సులో అలాంటి ప్రయత్నం చేసేముందు అది నిజంగా వదులుగా ఉందో, గోల్కొండ కోట కట్టినప్పటి నుంచి అక్కడే పాతుకుపోయి ఉందో చూసుకోవడం నడుముకు మంచిది.

గ్రీన్స్ మీద మనసున్నవాడు (మంగళవారం, సాయంత్రం 6:50)

వెతుకులాటలో పడి గ్రీన్ దగ్గర మర్యాదలు మరిచిపోతున్నామన్న బాధతో రాస్తున్నాను. ఆదివారం సాయంత్రం ఏడో గ్రీన్ మీద నేను ఒక్కడినే పద్నాలుగు పిచ్ మార్కులు (బంతి పడి ఏర్పడ్డ గుంటలు) లెక్కపెట్టాను. అందులో కొన్నింటిని బాగు చేసినవాళ్ళు ఉన్నారు, కానీ చేసిన తీరు వల్ల గడ్డి ఇంకా పాడయింది.

చాలామంది ఫోర్కును గుంట అడుగుకు గుచ్చి, కింది మట్టిని పైకి ఎత్తుతారు. అప్పుడు గుంట పూడినట్టు కనిపిస్తుంది గాని అడుగున వేళ్ళు తెగిపోతాయి, నాలుగు రోజుల్లో అక్కడ రూపాయి బిళ్ళంత గోధుమ రంగు మచ్చ మిగులుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, ఫోర్కును గుంట అంచుకు కొంచెం బయట గుచ్చి, పిడిని గుంట మధ్య వైపుకు వంచుతూ చుట్టూ ఉన్న గడ్డిని లోపలికి దగ్గరకు లాగాలి. నాలుగు వైపుల నుంచి అలా చేశాక పుటర్ అడుగుతో మెల్లగా తట్టి చదును చేయాలి. ఇదంతా పదిహేను సెకన్ల పని. 2019 నుంచి గ్రీన్ మీద షూ మేకుల గుర్తులను కూడా పుట్ చేసేముందు సరిచేసుకోవచ్చు కాబట్టి, చేతులు కట్టుకుని నిలబడటానికి సాకు కూడా లేదు.

ఫెయిర్‌వే మీద మనది బెర్ముడా గడ్డి. చెక్కుకుపోయిన ముక్కను తెచ్చి మళ్ళీ పెట్టినా అది సాధారణంగా వేళ్ళూనదు, దాని బదులు క్యాడీ సంచిలోని ఇసుక పోసి పాదంతో అణచడమే మంచిది. బంకర్‌లో (ఇసుక గుంటలో) ఇసుకను గొర్రుతో చదును చేసేటప్పుడు లోపలికి దిగిన దారినే వెనక్కి వస్తూ గీయండి. ఈ పనుల్లో ఏ ఒక్కదానికీ స్ట్రోక్ పెనాల్టీ లేదు, అందుకే ఎవరూ చేయడం లేదని నా అనుమానం. రూల్ 1.2 ప్రకారం కమిటీ ప్రవర్తనా నియమావళి తెచ్చి దీనికీ పెనాల్టీ పెట్టవచ్చు. నేను దానికి ఓటు వేస్తాను.

ఏడో హోల్ మార్కర్ (మంగళవారం, రాత్రి 9:30)

అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి మాట్లాడాను. మొదట ఆయన ముఖం ఎర్రబడింది, తర్వాత టీ తెప్పించారు, తర్వాత ఈ చర్చ మొదటి నుంచి చివరి దాకా చదివారు. నా ఎదుటే సెక్రటరీకి ఫోన్ చేసి జరిగింది చెప్పారు. ఫలితాలు ఇంకా ఖరారు కాలేదు కాబట్టి కమిటీ ఆయన్ను అనర్హుడిగా ప్రకటించింది. ఇక మిగిలింది నా సంతకం. తప్పు కార్డు మీద సంతకం పెట్టిన మార్కర్‌గా నా మీద కూడా ఏదైనా ఉందా?

రూల్ పుస్తకం (మంగళవారం, రాత్రి 10:10)

మీరు తెలిసి పెట్టలేదు, తెలిసిన రోజే అడిగారు. తెలిసి తప్పు స్కోరును ధ్రువీకరించిన మార్కర్ మీద కమిటీ చర్య తీసుకోవచ్చు, మీ విషయంలో ఆ ప్రశ్నే రాదు. కార్డులో హోల్‌వారీ అంకెలకు చివరి బాధ్యత ఆటగాడిదే. 1968 మాస్టర్స్‌లో రాబర్టో డి విసెంజో పదిహేడో హోల్‌లో 3 కొడితే మార్కర్ టామీ ఆరన్ 4 వేశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు, ఆ ఎక్కువ అంకే ఖాయమైపోయి ప్లేఆఫ్ అవకాశం పోయింది. టైటిల్ బాబ్ గోల్బీకి దక్కింది. పొరపాటు రాసింది మార్కర్, అనుభవించింది ఆటగాడు.

ఇకముందు ఇలాంటి సందేహం ఆట మధ్యలో వస్తే ఒక దారి ఉందని గుర్తుంచుకోండి. స్ట్రోక్ ప్లేలో రూల్ 20.1సి ప్రకారం ఆటగాడు రెండు బంతులతో ఆ హోల్ పూర్తి చేయవచ్చు. సందేహం వచ్చాక మరో స్ట్రోక్ కొట్టకముందే, రెండు బంతులు ఆడుతున్నానని, రూల్ ఒప్పుకుంటే ఫలానా బంతి లెక్కలోకి రావాలని మార్కర్‌కు చెప్పాలి. కార్డు ఇచ్చేముందు, రెండు స్కోర్లూ ఒకటే అయినా సరే, కమిటీకి విషయం చెప్పాలి. మ్యాచ్ ప్లేలో ఈ వీలు లేదు.

ఆ బంతి నాదే (బుధవారం, ఉదయం 6:05)

పేరు పెట్టకుండా రాసినందుకు మా మార్కర్ గారికి కృతజ్ఞతలు. అయినా ఏడో హోల్, ఎర్ర చుక్కలు అన్న తర్వాత క్లబ్బులో తెలియనివారు ఎవరూ లేరు.

అనర్హతను మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను. వెనుక టీ మీద ఎండలో నిలబడ్డ ఇద్దరికీ క్షమాపణలు. వచ్చే ఆదివారం వారు మా వెనుక ఉంటే మొదటి హోల్‌లోనే దారి ఇస్తాను. అయితే ఒక్క విషయం మాత్రం మనసులో పెట్టుకోకుండా చెబుతాను. మార్కర్ గారు 7:52కు గడియారం చూశారు. 7:55కు కూడా చూసి ఉంటే, "మూడు నిమిషాలయ్యాయండీ" అని ఆ క్షణంలోనే చెప్పి ఉంటే, నేను టీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ కొట్టి ఏడో ఎనిమిదో వేసుకుని ఆట పూర్తి చేసేవాడిని. నాకు బాధ కలుగుతుందని ఆయన మొహమాటపడ్డారు. నేను వయసులో పెద్దవాడినని మిగతా ఇద్దరూ మొహమాటపడ్డారు. చెయ్యి ఊపిన మా క్యాడీదీ అదే మొహమాటం. ఇంతమంది మర్యాద కలిసి నా కార్డును చింపేసింది.

ఏడో హోల్ మార్కర్ (బుధవారం, ఉదయం 6:40)

నిజమే సర్. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మెడల్‌లో మార్కర్ కేవలం తోటి ఆటగాడు కాదని, మిగతా పోటీదారులందరి తరఫున నిలబడ్డ మనిషని నాకు అప్పుడు తట్టలేదు. ఈసారి సమయం పెట్టుకునే పని నాదే, మీరు కోప్పడినా సరే.

కమిటీ తరఫున (బుధవారం, ఉదయం 11:20)

మూడు విషయాలు తెలియజేస్తున్నాను. వచ్చే మెడల్ నుంచి ఏడో టీ మీద, గోడ వైపు కొట్టినవారు ప్రొవిజనల్ ఆడమని గుర్తుచేసే పలక పెడుతున్నాం. క్యాడీ మాస్టర్‌తో మాట్లాడి, బంతి కనిపిస్తే ఒక సైగ, కనిపించకపోతే మరో సైగ ఖాయం చేశాం. బంతి పోయిందని చెప్పిన క్యాడీని ఎవరైనా తిడితే ఆ సభ్యుడి పేరు కమిటీకి వస్తుంది. గోడ వెంట రంగు వెలిసిన తెల్ల హద్దు గూటాలకు ఈ వారంలోనే మళ్ళీ సున్నం పడుతుంది.

శనివారం ఫోర్‌బాల్ (బుధవారం, మధ్యాహ్నం 2:00)

హద్దు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మొన్న శనివారం నా బంతి అదే గోడ మీదుగా బయటికి వెళ్ళి, రోడ్డు మీది కరెంటు స్తంభానికి తగిలి, గోడ దాటి మళ్ళీ లోపలికి వచ్చి రఫ్‌లో ఆగింది. ఒకసారి హద్దు దాటింది కాబట్టి పోయినట్టేనని మా గుంపంతా పట్టుబట్టడంతో టీ నుంచి మళ్ళీ కొట్టాను. అది సరైనదేనా?

రూల్ పుస్తకం (బుధవారం, మధ్యాహ్నం 2:25)

కాదు. బంతి గాలిలో ఎక్కడ తిరిగిందన్నది కాదు, చివరికి ఎక్కడ ఆగిందన్నదే లెక్క. బంతి మొత్తం హద్దు బయట ఆగితేనే అది హద్దు దాటినట్టు. మీది లోపల ఆగింది కాబట్టి పెనాల్టీ లేకుండా అక్కడి నుంచి రెండో స్ట్రోక్ కొట్టవలసింది. టీ నుంచి మళ్ళీ కొట్టారు కాబట్టి అదే ఆటలో ఉన్న బంతి అయింది, పెనాల్టీతో కలిపి అది మీ మూడో స్ట్రోక్.

శనివారం ఫోర్‌బాల్ (బుధవారం, మధ్యాహ్నం 2:31)

ఆ హోల్ మీద వంద రూపాయల పందెం ఓడిపోయాను. మా గుంపు ఈ పేజీ చదువుతోందని నాకు తెలుసు.